బోరు నీళ్లు కాచి తాగితే నరాలకు భయం ఉండదా?

మీరు అడిగింది: బెంగళూరులో అద్దెకుంటున్నాం, బోరు, ట్యాంకరు నీళ్లే దిక్కు, కాచి తాగుతున్నా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, నీళ్లే కారణమా అని.

కాచితే క్రిములు చస్తాయి, నీళ్లలో కరిగి ఉంటే సీసం, ఆర్సెనిక్ లాంటి విషాలు మాత్రం పోవు. కొంత నీరు ఆవిరైపోయాక మిగిలినదాంట్లో అవి ఇంకాస్త చిక్కబడతాయి కూడా. గిన్నె అడుగున గోకితే రాలే తెల్లటి పొర చాలావరకు సున్నమే, దాన్ని చూసి భయపడకండి. అసలు ప్రమాదకరమైనవి కంటికి కనబడవు, నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేసే టీడీఎస్ మీటరూ వాటిని పట్టివ్వదు.

ఆర్సెనిక్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే నరాల్లో ముందు దెబ్బతినేవి పొడవాటి వాటి చివర్లు. అందుకే తిమ్మిరి రెండు పాదాల్లోనూ మొదలై, మేజోళ్లు తొడిగినట్టు పైకి పాకుతుంది. సీసం సంగతి వేరు. కాల్షియం దారిలోనే పిల్లల మెదడులోకి చొరబడుతుంది. వాళ్లకు ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దే లేదు. ఇంట్లో పసివాళ్లుంటే మీ కాళ్లకన్నా వాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

అయినా తిమ్మిర్లకు షుగరు, బీ12 లోపం లాంటివే ఎక్కువసార్లు కారణం. ముందు డాక్టరుకు చూపించి ఆ రక్తపరీక్షలు చేయించుకోండి. నీళ్లను ల్యాబుకిచ్చేటప్పుడు సీసం, ఆర్సెనిక్ అని పేర్లు చెప్పి మరీ అడగండి. మన దేశంలో రెండింటికీ హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఫలితం వచ్చేదాకా తాగడానికే కాదు, వంటకూ ఆర్వో నీళ్లే వాడండి.