సోషియాలజీ చదివిన మా మేనకోడలికి

సంధ్యా,

నీ మెసేజ్ చదివాను. ఎం.ఏ. అయిపోయింది, 'సోషియాలజిస్టు కావలెను' అని ఒక్క ప్రకటన కూడా కనిపించడం లేదు, మీ నాన్న గ్రూప్-2 కోచింగ్‌కి అశోక్‌నగర్ వెళ్లమంటున్నాడు, క్లాస్‌మేట్లు చాలామంది బీఈడీలో చేరిపోయారు, ఏం చెయ్యమంటావు అత్తమ్మా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు ఆ పేరుతో ఉద్యోగం వెతకడం ఆపెయ్. మన దగ్గర యూనివర్సిటీ బయట ఆ హోదాతో పోస్టులు బహు తక్కువ. పని మాత్రం ఉంది, వేరే వేరే పేర్లతో ఉంది. రీసెర్చ్ అసోసియేట్ అంటారు, ఫీల్డ్ సూపర్‌వైజర్ అంటారు, మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్ ఆఫీసర్ అంటారు (పథకం ఎలా నడుస్తోందో, ఫలితమిచ్చిందో లేదో చూసే పని, అందరూ ఎం అండ్ ఈ అనే పిలుస్తారు), సోషల్ సేఫ్‌గార్డ్స్ స్పెషలిస్ట్ (ప్రాజెక్టు వల్ల జనం నష్టపోకుండా చూసే పని), సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఎగ్జిక్యూటివ్, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అయితే యూజర్ రీసెర్చర్. ప్రకటనలో అర్హత దగ్గర 'సోషల్ సైన్సెస్‌లో పీజీ' అని ఉంటే అది నీకే. కొన్నిచోట్ల ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో పీజీ) వాళ్లకే అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 'లేదా తత్సమానం' అనీ ఉంటుంది. అది చూసి ఫోన్ చేసి అడుగు, మొహమాటపడకు.

ఇక నెట్, అంటే కాలేజీ లెక్చరర్ అర్హతకీ పరిశోధన ఫెలోషిప్‌కీ యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తరఫున జరిగే జాతీయ పరీక్ష. రాయాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, మొదటి పేపరు 50 ప్రశ్నలు 100 మార్కులు, రెండోది మన సబ్జెక్టు, 100 ప్రశ్నలు 200 మార్కులు, మొత్తం మూడు గంటలు. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకు. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, దానిపైన ఇంటి అద్దె భత్యం. దీనికి 30 ఏళ్ల పరిమితి ఉన్నా ఆడవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉంది, కాబట్టి నీకింకా చాలా టైముంది. 2024 నుంచి పీహెచ్‌డీ అడ్మిషన్‌కీ నెట్ స్కోరే చూస్తున్నారు, జేఆర్ఎఫ్ రానివాళ్లకు స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది, ఇది చాలామంది గమనించడం లేదు. తెలంగాణ సెట్ (రాష్ట్రం పెట్టే ఇలాంటి పరీక్షే) కూడా రాయి, డిగ్రీ కాలేజీ లెక్చరర్ అర్హతకు అదీ పనికొస్తుంది.

కానీ నెట్ పుస్తకాలు ముందేసుకుని ఏళ్లకు ఏళ్లు గదిలో కూర్చోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. 2024 జూన్ 18న తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు పరీక్ష రాశారు, మర్నాడే రద్దు చేశారు, మళ్లీ ఆగస్టు చివర్లో మొదలుపెట్టారు. ఆ రెండు నెలలూ వేరే పని చేతిలో లేని పిల్లలు ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. పైగా నెట్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి కాదని యూజీసీ చెప్పింది నిజమే, కానీ ఇంటర్వ్యూ గది బయట కుర్చీల్లో కూర్చున్న వాళ్లను చూడు, అందరి చేతుల్లోనూ పీహెచ్‌డీ పట్టాలే ఉంటాయి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఖాళీలు ఏళ్ల తరబడి అలాగే ఉంచి గెస్ట్ ఫ్యాకల్టీతో గంటకింత అని నెట్టుకొస్తున్నారు. అలా పాఠాలు చెప్తూనే తల నెరిసిపోయిన మంచి మంచి టీచర్లు నాకు తెలుసు, వాళ్లకు జరిగింది అన్యాయం. నువ్వు ఆ దారి పట్టాలనుకుంటే ఒకటి రెండేళ్లు అనుభవానికి చెప్పు, అదే జీవితం చేసుకోకు.

మరి నువ్వు ఏం చేత పట్టుకుని బయటికి వెళ్లాలి అంటే, ఫీల్డ్‌వర్క్. ఊళ్లో మనుషుల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకుని, దాన్ని నమ్మదగినట్టు రాయడం. ఇది మన సబ్జెక్టు వాళ్లకు రావాల్సిన పని, సరిగ్గా చేసేవాళ్లు దొరకడం లేదని ప్రతి సంస్థా మొత్తుకుంటోంది.

నేను సిద్దిపేట వైపు సర్వేలు చేయించినప్పుడు పదే పదే ఎదురైన సంగతి చెప్తా విను. ఫారంలో 'ప్రధాన వృత్తి' అని ఒక గడి ఉంటుంది. గడప మీద కూర్చున్న ఆవిడను ఏం పని చేస్తావమ్మా అంటే "పనేం లేదు బిడ్డా, ఇంటికాడనే ఉంట" అంటుంది. ట్యాబ్ పట్టుకొచ్చిన పిల్లవాడు 'గృహిణి' అని నొక్కి పక్కింటికి పోతాడు. మన సబ్జెక్టు చదివిన మనిషైతే అక్కడే ఇంకో పది నిమిషాలు కూర్చుంటుంది. నిన్న పొద్దున ఎన్నింటికి లేచావు, లేచాక ఏం చేశావు, ఆ తర్వాత, ఆ తర్వాత అని అడుగుతుంది. అప్పుడు బయటపడుతుంది. ఆవిడ చీకటితోనే లేచి పేడ తీసి, రెండు బర్లకు పాలు పిండి, క్యాన్ పాలకేంద్రంలో దింపి, ఎండెక్కే వేళకు పత్తి ఏరడానికి కూలికి పోయి, పొద్దు గూకాక దీపం కింద బీడీలు చుడుతోంది. పాలబిల్లు మాత్రం మొగుడి ఖాతాలో పడుతోంది. నాలుగు రకాల పని చేసే మనిషి కాగితం మీద ఏ పనీ లేని మనిషి అయిపోయింది. ఇలా ఎంతమంది తప్పిపోతే ఆ జిల్లా ఆడవాళ్ల పని లెక్క ఎంత తప్పుతుందో నువ్వే ఊహించుకో. జీతం లేని పనిని కూడా కొలవాలనే కేంద్రం 2019లో ఒకసారి, 2024లో మరోసారి టైమ్ యూజ్ సర్వే (రోజులో ఏ పనికి ఎంతసేపు పోతుందో అడిగే సర్వే) పెట్టింది. ఆ పది నిమిషాలు కూర్చోగలిగిన ఓపిక, ఏం అడగాలో తెలిసిన బుర్ర, ఈ రెండూ ఉంటే నీకు పని దొరక్కపోవడం ఉండదు.

ఎక్కడ దొరుకుతుంది అంటే, హైదరాబాద్ ఈ విషయంలో మంచి ఊరు. బేగంపేటలో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఉంది, 1980 నుంచి ఉన్న సంస్థ. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల యంగ్ లైవ్స్ అధ్యయనంలో కూడా పాలుపంచుకుంది. మన రెండు రాష్ట్రాల్లో మూడు వేల మంది పిల్లల్ని 2002 నుంచి వెంటాడి చూస్తూ వచ్చారు అందులో, ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు నీ ఈడు వాళ్లే. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, తార్నాకలో పోషకాహార సంస్థ, పబ్లిక్ హెల్త్ వాళ్ల ఐఐపీహెచ్, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్, వీటన్నిట్లో ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి. ఆరు నెలలకో ఏడాదికో అయిపోయేవి అని మీ నాన్న పెదవి విరుస్తాడు, విరవనీ. మొదటి మూడేళ్లు అలాంటివే మేలు, ఒక ప్రాజెక్టులో అంగన్‌వాడీలు చూస్తావు, ఇంకోదాంట్లో వలస కూలీలు, ఇంకోదాంట్లో రైతు అప్పులు. వాళ్ల వెబ్‌సైట్లలో ప్రకటన పెట్టి వారం పది రోజులే టైమిస్తారు కాబట్టి ప్రతి సోమవారం తెరిచి చూసే అలవాటు చేసుకో.

చట్టాల వల్ల పుట్టిన పని ఒకటుంది, దాని గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం. అందులో ఏడాదికి సగటున పది కోట్లు, ఆపైన ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు, కోటి, ఆపైన ఖర్చయిన ప్రతి ప్రాజెక్టునూ బయటి సంస్థతో మదింపు చేయించాలని 2021లో నిబంధన తెచ్చారు. ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టామంటారు, నీళ్లు ఎవరు తాగుతున్నారు, ఏ వాడ వాళ్లకు అందడం లేదు అనేది వెళ్లి చూసి రాసేవాళ్లు కావాలి కదా. కన్సల్టెన్సీలు దీనికి మనుషుల్ని తీసుకుంటాయి, జీతం పరిశోధన సంస్థల కంటే బాగుంటుంది. ఒకటే షరతు, కంపెనీకి నచ్చేలా రాయమంటారు కొందరు. రాయకు. ఒకసారి అలా రాస్తే నీ పేరున్న రిపోర్టు ఎప్పటికీ నీతోనే ఉంటుంది.

భూసేకరణ కూడా అంతే. 2013 చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ మదింపు చెయ్యాలి, దాన్ని పరిశీలించే నిపుణుల బృందంలో ప్రభుత్వంతో సంబంధం లేని సామాజిక శాస్త్రవేత్తలు ఇద్దరు ఉండాలని ఏడో సెక్షన్‌లో రాసే ఉంది. తెలంగాణ, ఆంధ్ర రెండూ సవరణలు తెచ్చి చాలా ప్రాజెక్టులకు ఈ మదింపు తప్పించేశాయి, అది నాకు చాలా బాధ కలిగించే విషయం, మల్లన్నసాగర్‌లోనో పోలవరంలోనో ఊరు పోయినవాళ్లతో మాట్లాడితే నీకూ కలుగుతుంది. అయినా ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచే ప్రాజెక్టుల్లో ఈ పని తప్పదు. ఆ బ్యాంకులోకి 1974లో మైఖేల్ చెర్నియా అనే రొమేనియా సోషియాలజిస్టు చేరాడు, 1980లో నిర్వాసితుల పునరావాసం మీద బ్యాంకు మొదటి విధానం రావడం వెనక ఆయన కృషి ఉంది. మన సబ్జెక్టు వాళ్లు అంతటి పని చెయ్యగలరు.

ఇప్పుడు నడుస్తున్న వార్తలు కూడా మనవే. తెలంగాణలో 2024 నవంబరులో కులసర్వే మొదలైంది, 2025 ఫిబ్రవరిలో లెక్కలు బయటపెట్టారు, వాటిని విశ్లేషించడానికి జస్టిస్ సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన నిపుణుల బృందం వేశారు. 2027 మార్చి 1 లెక్కతో జరిగే జనగణనలో 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాలనూ లెక్కిస్తున్నారు. ఎన్యూమరేటర్లు టీచర్లూ ప్రభుత్వ సిబ్బందే కాబట్టి ఆ పని నీకు రాదు, ఆశ పెట్టుకోకు. కానీ ఆ అంకెలు వచ్చాక వాటిని చదివి, ఈ మండలంలో ఈ కులం పిల్లలు పదో తరగతి దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు అని ఊరికి వెళ్లి తేల్చేవాళ్లు కావాలి. అందుకే అంకెలంటే భయం ఇప్పుడే వదిలించుకో. ఎక్సెల్ గట్టిగా రావాలి. ఆ తర్వాత ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకో, అది ఉచితం. ట్యాబ్‌లో సర్వే ఫారం తయారుచెయ్యడానికి కోబో టూల్‌బాక్స్ ఉంది, వారం రోజుల్లో వచ్చేస్తుంది. ఇంటర్వ్యూ రికార్డింగులు తెలుగులో ఎత్తి రాసి ఇంగ్లీషులోకి తేవడం నీకు మొదటి సంపాదన కావచ్చు. నల్గొండ పల్లె యాసను తప్పు లేకుండా రాసేది ఇప్పటికీ మనిషే.

గ్రూప్స్ సంగతి. మీ నాన్న చెప్పింది కొట్టిపారేయకు. గ్రూప్-2 రెండో పేపర్లో సమాజం మీద భాగం ఉంది, సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ 500 మార్కులు, నువ్వు ఎలాగూ చదివిందే. ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) సూపర్‌వైజర్ పోస్టులకు సోషియాలజీ డిగ్రీనీ అర్హతగా పెట్టిన నోటిఫికేషన్లు వచ్చాయి. నోటిఫికేషన్ పడితే రాయి. కానీ పడుతుందని ఎదురుచూస్తూ హాస్టల్ గదిలో రెండేళ్లు గడపొద్దు.

నువ్వు చెయ్యాల్సిన మొదటి పని చెప్తా. సీవీ పక్కన పెట్టు, నీలాంటివే రెండు వందలు వస్తాయి వాళ్లకు. మీ మిర్యాలగూడలోనే రైస్ మిల్లుల్లో బీహార్ హమాలీలు ఉన్నారు కదా, పది రోజులు వాళ్ల గురించి కనుక్కో. ఎవరు తీసుకొచ్చారు, ఎక్కడ పడుకుంటున్నారు, బస్తాకి ఎంత, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ముందు ఈ పని చేసిన మన హమాలీలు ఎటు పోయారు. మేనేజర్‌తో ఒక్కడితో మాట్లాడి వచ్చెయ్యకు, వంట చేసే చోటికి వెళ్లు. ఒక్కదానివే వద్దు, తోడు తీసుకెళ్లు, చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్. ఎందుకు అడుగుతున్నావో ముందే చెప్పి, సరేనన్నవాళ్లతోనే మాట్లాడు, పేర్లు రాయకు. ఎస్.సి. దూబే అనే సామాజిక శాస్త్రవేత్త ఉస్మానియా నుంచి బయల్దేరి శామీర్‌పేట వెళ్లి చేసిన అధ్యయనం 1955లో పుస్తకమై ప్రపంచమంతా చదివారు, శామీర్‌పేట అంటే ఎక్కడో కాదు, ఇప్పుడు సిటీ బస్సు వెళ్లే ఊరే. అందుకే దగ్గరి చోటని చిన్నచూపు చూడకు. నోట్సు తెలుగులో రాసుకుని, చివరికి ఇంగ్లీషులో రెండు పేజీలు తయారుచెయ్. దరఖాస్తుతో పాటు అది పెడితే ఇంటర్వ్యూకి పిలుస్తారు, పిలిచాక దాని మీదే అడుగుతారు, అది నీకు తెలిసిన విషయమే కాబట్టి తడబడవు.

రెండు జాగ్రత్తలు. డబ్బు కట్టించుకుని పేపరు వేసే జర్నల్స్ జోలికి వెళ్లకు, యూజీసీ కేర్ లిస్టు (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) కూడా 2025లో తీసేశారు కాబట్టి ఏది మంచిదో నువ్వే చూసుకోవాలి, సీనియర్లను అడుగు. ఉద్యోగానికి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగిన సంస్థ ఏదైనా సరే దండం పెట్టి వచ్చెయ్. ఇక ఫీల్డ్ పోస్టు ఒప్పుకునే ముందు రాత్రి బస ఎక్కడ, బండి ఇస్తారా, ఆడవాళ్లు ఇంకెంతమంది ఉన్నారు అని నోరు తెరిచి అడుగు, జీతం కంటే ముందు అదే అడుగు.

మీ నాన్నతో ఈ ఆదివారం నేను మాట్లాడతా. ఏడాది టైమివ్వమని అడుగుతాను, నా మాట కాదనడు. నువ్వు ఈలోగా మిల్లుకు వెళ్లేముందు ఏమేం అడగాలనుకుంటున్నావో ఓ ఇరవై ప్రశ్నలు రాసి వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపిస్తా.

అత్తమ్మ