జాగ్రత్తలు చెప్పడంతో సరిపెట్టకండి, పెద్దవాళ్ళని ఏదైనా అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు దాదాపు అన్నీ పెద్దవాళ్ళు రాసినవో, పెద్దవాళ్ళ గురించి పిల్లలు రాసినవో. కోవిడ్ మూడో వేవ్ వల్ల సంక్రాంతికి రావలసినవాళ్ళు రాలేదు, వెళ్ళవలసినవాళ్ళు వెళ్ళలేదు. అందుకని ఈ 2022 ఫిబ్రవరి శీర్షిక మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: నాకు 71 ఏళ్ళు. రాజమండ్రిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. పోయినేడాది మేలో నా భార్య కోవిడ్‌తో పోయింది. ఆసుపత్రి నుంచే తీసుకెళ్ళిపోయారు, చివరిచూపు కూడా దక్కలేదు. తర్వాత మా అబ్బాయి నన్ను హైదరాబాద్ తీసుకొచ్చాడు. ఆరో అంతస్తులో ఫ్లాటు. వాడూ కోడలూ ఇంట్లోంచే ఉద్యోగం చేస్తారు, తలుపులు వేసుకుని మీటింగుల్లో ఉంటారు. నన్ను కిందికి దిగనివ్వరు. రాజమండ్రిలో ఆరుగురు స్నేహితులం రోజూ తెల్లవారకుండానే గోదావరి గట్టు మీద నడిచేవాళ్ళం. ఇక్కడ టీవీ, మంచం, అంతే. రెండు డోసులూ వేయించుకున్నాను. వాళ్ళు బాగానే చూసుకుంటున్నారు, తప్పు పట్టడానికి లేదు. కానీ నేనెందుకున్నానో తెలియడం లేదు.

జవాబు: మాస్టారూ, ఆ చివరి రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉండటం చూసి చాలాసేపు మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. బాగా చూసుకోవడం వేరు, మనతో పని ఉండటం వేరు. మీకు మొదటిది దొరికింది, రెండోది పోయింది.

ముందు కిందికి దిగడం సంగతి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు 65 దాటినవాళ్ళని ఇల్లు కదలొద్దన్నారు. అప్పటికి అది సరైన మాటే, టీకా లేదు, మందు లేదు, జబ్బు గురించి తెలిసింది కూడా తక్కువ. కానీ ఆ మాట పట్టుకుని రెండేళ్ళు కావస్తున్నా మనిషిని గదిలోనే ఉంచేయడం కూడా ప్రమాదమే, దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈ వయసులో పది రోజులు మంచం పట్టినా తొడల్లో బలం తగ్గిపోతుంది, అది తగ్గితే బాత్రూమ్‌లో పడతాం, తుంటి ఎముక విరిగితే మళ్ళీ మంచమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో, అంటే కోవిడ్ నడుస్తుండగానే, ఇచ్చిన సూచనల్లో 65 దాటినవాళ్ళు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి శ్రమ ఇవ్వాలని, దాంతోపాటు తూలిపోకుండా ఉండే వ్యాయామాలు వారంలో మూడు రోజులైనా చేయాలని చెప్పింది. ఈ వైరస్ ఎక్కువగా తలుపులేసిన గదుల్లో, గాలి ఆడనిచోట అంటుకుంటుంది. ఆరుబయట, జనం లేని వేళ, మాస్క్ పెట్టుకుని నడిస్తే ప్రమాదం చాలా తక్కువ. మీకు అసలు జాగ్రత్త కావలసింది లిఫ్ట్‌లో, అది చిన్న పెట్టె, అందులో మాస్క్ తీయకండి, జనం ఉంటే తర్వాతిది ఎక్కండి. ఈ పేరా మీ అబ్బాయి చేత చదివించండి. బతిమాలొద్దు, "రేపటి నుంచి ఆరింటికి దిగి అరగంటలో వస్తాను నాయనా" అని చెప్పండి.

ఆ ఆరింటికే గట్టు మీది స్నేహితులకి ఫోన్ కలపండి. వాళ్ళు అక్కడ నడుస్తూ, మీరు మీ పార్కింగ్ చుట్టూ నడుస్తూ మాట్లాడుకోవచ్చు. వినడానికి వింతగా ఉంటుందేమో గానీ మా బాబాయి ఒకాయన ఏడాదిగా ఇదే చేస్తున్నాడు, ఆయన విశాఖలో, స్నేహితులు తెనాలిలో. ఒకటే నియమం పెట్టుకున్నారు, వేళ తప్పకూడదు. తోచినప్పుడు చేసుకుందాం అనుకుంటే వారానికి ఆగిపోతుంది, ఆరింటికి అవతల నలుగురు ఎదురుచూస్తున్నారంటే మనిషి లేస్తాడు.

ఇంకొకటి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి పిల్లలున్నారా కనుక్కోండి. తెలంగాణలో బళ్ళు మూతపడి, 2020 సెప్టెంబరు నుంచి బడిపిల్లలకి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్ళలో పాఠాలు వచ్చాయి. టీవీలో పాఠం వస్తుంది గానీ, తప్పు ఎక్కడ చేశావో చూపించే మాస్టారు రాడు కదా. ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నచోట పిల్లలు భిన్నాలు, బీజగణితం దగ్గరే ఆగిపోయారు. సెల్లార్‌లో గాలి ఆడేచోట ఒక బల్ల, రెండు కుర్చీలు దూరంగా వేసుకుని సాయంత్రం ఓ గంట కూర్చోండి. మీరెందుకున్నారో నేను చెప్పనక్కర్లేదు, ఆ పిల్లలు రెండో రోజుకే చెప్తారు.

మీ శ్రీమతిగారి సంగతి చివరికి ఉంచాను, అది చిన్నదని కాదు. ఆవిడ పోయినప్పుడు పరామర్శకి ఎవరూ రాలేకపోయారు, పెద్దకర్మకి నలుగురు కూడా చేరలేదు, ఆవిడ గురించి మీరు ఎవరితోనూ తనివితీరా మాట్లాడుకోలేదు. ఆ మాటలన్నీ మీలోనే ఉండిపోయాయి. సంవత్సరీకం వస్తోంది కదా, అప్పటికి పరిస్థితి కుదురుగా ఉంటే రాజమండ్రిలోనే పెట్టించమని అడగండి, పోయినేడాది రాలేకపోయినవాళ్ళని పిలవండి. ఈలోగా ఆవిడ తోబుట్టువులకి ఫోన్ చేసి ఆవిడ చిన్నప్పటి సంగతులు చెప్పమనండి. ఒకవేళ రెండు వారాలకి మించి నిద్రపట్టక, తిండి సయించక, దేనిమీదా మనసు నిలవకపోతే అది వయసు వల్లే అనుకోవద్దు, డాక్టరుకి చెప్పండి. దానికి మందు ఉంది.

ప్రశ్న: నేనూ మా ఆయనా, చిన్నపాపా న్యూజెర్సీలో ఉంటాం. అమ్మ గుంటూరులో ఒక్కతే, 68. సంక్రాంతికి టికెట్లు కొనుక్కున్నాం, జనవరి 11 నుంచి విదేశాల నుంచి వచ్చినవాళ్ళందరికీ ఏడు రోజుల క్వారంటైన్ అన్నారు, మాకున్న సెలవే పది రోజులు, మానేశాం. అమ్మకి వీడియో కాల్ చేయడం కూడా నేర్పించాను. రోజూ ఫోన్ చేస్తాను. "తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా, బయటికి వెళ్ళలేదు కదా" అని అడుగుతాను. "ఆ, ఆ" అంటుంది. రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. మునుపు గంటలు గంటలు మాట్లాడేది. నామీద కోపమా?

జవాబు: కోపం కాదమ్మా. నువ్వు అడిగే మూడూ ఆసుపత్రిలో నర్సు అడిగేవి. వాటికి ఎవరైనా "ఆ" అనే అంటారు. మొన్నటిదాకా మీ అమ్మ నీకు పురుడు పోసింది, పసుపు కొమ్ముల నుంచి కరివేపాకు పొడి దాకా మూటలు కట్టి పంపింది, పెళ్ళిళ్ళ కబుర్లన్నీ ఆవిడ ద్వారానే నీకు చేరేవి. ఇప్పుడు పెళ్ళిళ్ళు లేవు, పేరంటాలు లేవు, నీకు చెప్పడానికి ఆవిడ దగ్గర కొత్త కబురు లేదు, నీకు ఆవిడతో పని కూడా లేదు. జాగ్రత్త, జాగ్రత్త అని మనం అంటున్నకొద్దీ వాళ్ళు తమని తాము పగిలిపోయే గాజు వస్తువుల్లా అనుకోవడం మొదలుపెడతారు.

కాబట్టి అడుగు. అంటే ఆవిడకి తెలిసి నీకు తెలియనివి అడుగు. గోంగూర పచ్చడికి ఆకు ఎంతసేపు మగ్గాలి, ఎండుమిరపకాయలు ఎన్ని, వీడియోలో పెట్టుకుని నువ్వు చేస్తుంటే ఆవిడ అక్కణ్ణుంచి కేకలేయాలి. మీ తాతగారి ఊరి ఇంట్లో ఎన్ని గదులు, బావి ఎటు ఉండేది, చెప్పమను, రికార్డు చేసుకో. మీ నాన్నగారితో పెళ్ళిచూపుల సంగతి నీకు తెలుసా?

ఇంకా మంచిది మీ పాపని ఆవిడకి అప్పగించడం. ఇప్పుడు చలికాలం కాబట్టి మీకు రాత్రి తొమ్మిదయితే గుంటూరులో పొద్దున్న ఏడున్నర, పాప పడుకునే వేళ. రోజూ ఆ వేళకి అమ్మమ్మే కథ చెప్పాలి, ఆ ఇరవై నిమిషాలు నువ్వు గదిలో ఉండకు. మార్చి రెండో ఆదివారం నుంచి మీ గడియారాలు గంట ముందుకి జరుగుతాయి, అప్పుడు ఆవిడకి ఆరున్నర అవుతుంది, ముందే చెప్పు, లేకపోతే ఏడున్నరకి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. అమ్మమ్మకి రోజూ కొత్త కథ కావాలి కాబట్టి ముందురోజు వెతుక్కుంటుంది, పక్కింటావిణ్ణి అడుగుతుంది, చిన్నప్పటిది గుర్తు చేసుకుంటుంది. అది కూడా ఆవిడకి పనే. పాపకి తెలుగు రావడం నీకు లాభం.

వీడియో కాల్ ఎలా చేయాలో నేర్పించేశావు సరే, చేసేది ఎప్పుడూ నువ్వేనా? ఆవిడ చేతే చేయించు. ఇంకో చిన్న అనుమానం, మాస్కులొచ్చాక ఆవిడ బయట ఎవరి మాటకైనా సరిగ్గా జవాబివ్వడం లేదా? వినికిడి తగ్గినవాళ్ళు తెలియకుండానే ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటారు, మాస్కుతో ఆ ఆధారం పోయింది. ఫోన్‌లో "ఆ, ఆ" అనడానికి ఒక్కోసారి అదీ కారణమే. ఒకసారి చెవులు పరీక్ష చేయించమను, వీడియోలో మాట్లాడేటప్పుడు నీ మొహం మీద వెలుతురు పడేలా కూర్చో.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పక తప్పదు. కోవిడ్ టీకా మూడో డోసు నమోదు చేస్తామని ఫోన్ చేసి ఓటీపీ అడిగిన మోసగాళ్ళు ఉన్నారు, అది ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పు. పెద్దవాళ్ళ సాయానికి ఎల్డర్ లైన్ 14567 ఉంది, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది, ఆ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించమను.

ప్రశ్న: రైల్వేలో రిటైరయ్యాను, సికింద్రాబాద్, షుగర్ ఉంది. పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి బ్యాంకులో క్యూ చూస్తే భయం. కోవిడ్ బూస్టర్ డోసుకి డాక్టరు చీటీ కావాలా?

జవాబు: చీటీ అక్కర్లేదన్నారండీ. 60 దాటి, షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్ళకి 2022 జనవరి 10 నుంచి ప్రికాషన్ డోసు, అంటే మీరన్న బూస్టరే, ఇవ్వడం మొదలుపెట్టారు. 2022 జనవరి నియమం ప్రకారం రెండో డోసు వేయించుకుని తొమ్మిది నెలలు నిండాలన్నారు, ముందు ఏ టీకా వేయించుకున్నారో అదే వేస్తామన్నారు. ఈమధ్య కోవిడ్ వచ్చి ఉంటే కోలుకున్నాక మూడు నెలలు ఆగాలన్నారు. లైఫ్ సర్టిఫికెట్‌కి కేంద్ర పెన్షనర్లకి 2022 ఫిబ్రవరి 28 దాకా గడువు పెంచారు. పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకుని 70 రూపాయలకి చేసి పెడతాడు, మీ పోస్టాఫీసులో చెప్పండి. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే మొహం చూపించి ఫోన్‌లోనే చేసుకునే పద్ధతి 2021 నవంబరు చివర్లో వచ్చింది.

ప్రశ్న: వరంగల్ నుంచి రాస్తున్నా. 66 ఏళ్ళు. జనవరిలో కోవిడ్ వచ్చి తగ్గింది. కింద కూర్చుంటే లేవలేకపోతున్నా. పోయిన బతుకమ్మకి మా వాడకట్టులో నేనే పాట అందుకున్నా, ఈ ఏడు ఆడగలుగుతానా?

జవాబు: బతుకమ్మకి ఇంకా ఏడు నెలల పైన ఉందక్కా, ఇప్పుడే మొదలుపెడితే బోలెడు టైమ్. అయితే నిదానంగా. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, గుండెదడ ఉన్నా, ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గినా వ్యాయామం మాట పక్కన పెట్టి ముందు డాక్టరుకి చూపించుకోండి.

అవేం లేకపోతే గోడకి ఆనించిన గట్టి కుర్చీ ఒకటి చాలు, ప్లాస్టిక్‌ది జారుతుంది, వద్దు. చేతులు పట్టుకోకుండా లేచి నిలబడండి, నెమ్మదిగా కూర్చోండి, దబ్బున పడొద్దు. మొదటి వారం ఐదుసార్లు పొద్దున్న, ఐదుసార్లు సాయంత్రం. చేతులు ఆన్చకుండా లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి, బలం వచ్చాక తీసేయండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి పది లెక్కపెట్టండి, పాలు కాగేలోపు అయిపోతుంది. ఇంట్లో జారే పట్టాలు, గుమ్మం దగ్గర మడతపడే గోనెపట్టా తీసేయండి. పప్పు, గుడ్డు, పెరుగు ఏదో ఒకటి పూటపూటా ఉండాలి, కండ ఊరికే రాదు.

పాట మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. ఫోన్‌లో మీ వాడకట్టు ఆడవాళ్ళందరినీ కలుపుకుని, ఒకరి తర్వాత ఒకరు ఒక్కో చరణం అందుకోండి, అందరూ ఒకేసారి పాడితే ఫోన్‌లో తాళం కలవదు. లేవడం ఐదు నుంచి ఎన్నికి వచ్చిందో ఉగాదికి నాకు రాయండి.