టెక్ సందేహాలు: చవక వైఫై డాంగిల్ కొనే ముందు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మేడ మీది ట్యాంకులో నీటి మట్టం కొలిచే పరికరం తయారుచేస్తున్నాను. వైఫై లేని పాత రాస్‌ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డు నా దగ్గరుంది. దీనికి రాసే ప్రోగ్రామంతా ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇవ్వాలని నా కోరిక. ‘లైనక్స్‌లో పనిచేస్తుంది’ అని డబ్బా మీద రాసి ఉంటే నమ్మి యూఎస్‌బీకి తగిలించే ఓ చిన్న వైఫై డాంగిల్ కొన్నాను. పై బోర్డుకు పెడితే నెట్‌వర్క్ రావడం లేదు. లాప్‌టాప్‌కు పెడితే సీడీ డ్రైవ్ కనిపిస్తోంది! తక్కువ ధరలో ఏది కొనాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: మీ డాంగిల్ పాడైపోయిందని తొందరపడి పారేయకండి. లాప్‌టాప్‌లో కనిపించింది నిజమైన సీడీ కాదు. విండోస్ వాడేవారు డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రాం) కోసం వెతుక్కోకుండా కొందరు తయారీదారులు దాన్ని డాంగిల్ లోపలే పెడతారు. అందుకే అది మొదట సీడీ డ్రైవ్ వేషంలో వస్తుంది. డ్రైవర్ ఎక్కాక వేషం తీసి వైఫై పరికరంగా మారుతుంది. మీ పై బోర్డులో వేషం తీయమని చెప్పేవారు లేరు, అంతే. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇచ్చి, యూఎస్‌బీకి తగిలించిన పరికరాల జాబితా చూడండి. జాబితాలో 0బీడీఏ:1ఏ2బీ అనే గుర్తు కనబడితే ఇదే కారణం. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాం ఆ పని చేసిపెడుతుంది. అయితే మారిన తరువాత కూడా ఆ చిప్‌కు తగిన డ్రైవర్ మీ కెర్నల్‌లో (లైనక్స్ మూల భాగంలో) ఉండాలి. అసలు చిక్కు అక్కడే.

డాంగిల్ కొనేటప్పుడు చూడవలసింది లోపలి చిప్. డబ్బా మీద బ్రాండు పేరు, మోడల్ నంబరు చూసి నమ్మడానికి లేదు. టీపీ లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ సంగతే తీసుకోండి. మొదటి వెర్షన్‌లో అథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది. మోడల్ పేరు మాత్రం మారలేదు. మొదటి దాని గురించి ఎవరో రాసిన మంచి మాట చదివి రెండోది కొన్నవారు లైనక్స్‌లో చాలా అవస్థపడ్డారు.

డబ్బా మీది ‘లైనక్స్’ అన్న మాటకు కూడా రెండు అర్థాలున్నాయి. డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే ఉండడం ఒకటి. డ్రైవర్‌ను మీరే ఎక్కడి నుంచో తెచ్చి కంపైల్ చేసుకోవలసి (సోర్సు నుంచి నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవలసి) రావడం రెండోది. మేడ మీద ఒంటరిగా ఏళ్ల తరబడి పనిచేయవలసిన పరికరానికి రెండోది వద్దనే గట్టిగా చెబుతాను. కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేయాలి. 512 ఎంబీ మెమరీ, ఒకే కోర్ ఉన్న పై జీరో మీద అది చాలాసేపు పట్టే పని. మధ్యలో ఏదైనా తప్పితే వైఫై పోతుంది. వైఫై పోతే దూరం నుంచి సరిచేసే దారీ పోతుంది. ఇక కీబోర్డు, మానిటరు పట్టుకుని మేడెక్కవలసిందే.

మీ అవసరానికి మూడు చిప్‌లు చెబుతాను. రాలింక్ ఆర్‌టీ5370 పాతదే, కానీ నమ్మకమైనది. చవకగా దొరుకుతుంది. మీ పరికరం తానే హాట్‌స్పాట్ కావాలన్నా పనికొస్తుంది. మీడియాటెక్ ఎంటీ7601యూ కూడా చవకే. దాని డ్రైవర్ 2015లో వచ్చిన 4.2 కెర్నల్ నుంచి ఉంది. కాకపోతే కెర్నల్‌లోని ఆ డ్రైవర్‌తో హాట్‌స్పాట్ నడపలేరు, ఇంటి రౌటర్‌కు కలవడం వరకే. మూడోది పైన చెప్పిన ఏఆర్9271. మొదటి రెండింటికీ డ్రైవర్ ఓపెన్ సోర్సే అయినా చిప్‌లోకి ఎక్కి అక్కడే నడిచే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, సోర్సు ఎవరికీ అందదు. ఏఆర్9271కు ఆ ఫర్మ్‌వేర్ సోర్సు కూడా 2013లో బయటికి వచ్చింది. అంతా ఓపెన్‌గా ఉండాలన్న మీ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే దీన్నే తీసుకోండి. మూడూ 2.4 గిగాహెర్ట్జ్‌వే. నీటి మట్టం అంటే నాలుగంకెల సమాచారం, దానికి 5 గిగాహెర్ట్జ్ వేగం అక్కర్లేదు. పైగా శ్లాబులు, గోడలు దాటడంలో 2.4 నయం.

వీలైతే ఆన్‌లైన్‌లో కాకుండా మన విశాఖ డాబాగార్డెన్స్ వైపు దుకాణాలకు వెళ్లండి. లైనక్స్ ఉన్న లాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, దుకాణదారుడి అనుమతితో డాంగిల్ పెట్టి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. 148ఎఫ్:5370 అని వస్తే రాలింక్, 148ఎఫ్:7601 అని వస్తే మీడియాటెక్, 0సీఎఫ్3:9271 అని వస్తే అథెరోస్. నిమిషం పని.

బిగించేటప్పుడు ఇంకో సంగతి. నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పీల్చేస్తుంది. ట్యాంకుకు ఒక వైపు డాంగిల్, మరో వైపు రౌటర్ ఉంటే ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, నిండగానే తెగిపోవచ్చు. రౌటర్ ఉన్న వైపే పెట్టండి. ఇనుప డబ్బా వద్దు, ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు చాలు. మూత అంచుకు సిలికాన్ పూయండి. లాసన్స్ బే కాలనీలో మా పెద్దమ్మగారి మేడ మీద నేను మూత లేకుండా వదిలేసిన డాంగిల్ ఒక్క వానాకాలానికే చిలుము పట్టింది. కాంటాక్టులు పచ్చగా మారి, గోరుతో గీస్తే పొడి రాలింది. మన ఉప్పుగాలి ఇనుమునూ రాగినీ దేన్నీ వదలదు.

ప్రశ్న: ఆర్డునో ఊనో బోర్డుకు ఈఎస్‌పీ-01 వైఫై మాడ్యూల్ కలిపాను. పదేపదే రీసెట్ అవుతోంది. మాడ్యూల్ నకిలీదా?
– ఓ పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: కాకపోవచ్చు. ఊనోలోని 3.3 వోల్టుల పిన్ 50 మిల్లీయాంపియర్లే ఇస్తుంది. మీ మాడ్యూల్‌లోని ఈఎస్‌పీ8266 చిప్ సిగ్నల్ పంపే క్షణంలో సుమారు 300 అడుగుతుంది. విడిగా 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి, మాడ్యూల్ దగ్గరలోనే 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలపండి. ఊనోలో సమాచారం పంపే టీఎక్స్ పిన్ నుంచి వచ్చేది 5 వోల్టులు. దాన్ని నేరుగా మాడ్యూల్‌కు ఇవ్వకండి. 1 కిలో ఓం, 2 కిలో ఓంల రెసిస్టర్లతో తగ్గిస్తే 3.3కు దిగుతుంది. ఊనో, మాడ్యూల్ గ్రౌండ్ పిన్‌లు రెండూ కలిసి ఉన్నాయో లేదో ముందుగా చూసుకోండి.