మొరపెట్టుకోవడం అవిశ్వాసమా?

ప్రశ్న: నా భర్తకు రెండు మూత్రపిండాలూ పాడైపోయాయి. ఒక ప్రక్క డయాలసిస్ చేయిస్తూ, మరో ప్రక్క సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేస్తుండగానే ఆయన పోయిన సంవత్సరం ప్రభువునందు నిద్రించారు. కొత్త సంవత్సరపు ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దానం దేవుని కాపుదలను గూర్చిన 91వ కీర్తనలోనిది కాబట్టి, ఆ రోజులన్నిటిలోనూ ఉదయం, రాత్రి ఆ కీర్తననే చదివాను. ఇప్పుడు స్తుతి పాటలకు నోరు పెగలడం లేదు. “అంతా దేవుని చిత్తం, ఏడవకూడదు, ఎందుకని అడిగితే సణిగినట్టే” అని పెద్దలు అంటున్నారు. అంతా ఆయన చిత్తమే అయితే ఆయన కృపను ఎలా నమ్మాలి? కీర్తనలతో ప్రార్థించడం మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: సోదరీ, మిమ్మల్ని ఆదరించాలనే పెద్దలు ఆ మాట అని ఉంటారు గాని, కీర్తనల గ్రంథం ఆ మాటతో ఏకీభవించదు. అందులోని 150 కీర్తనలలో దాదాపు మూడో వంతు మొరలే. 13వ కీర్తనలో దావీదు “ఎన్నాళ్లు”, “ఎంతవరకు” అంటూ ఊపిరి తిప్పుకోకుండా దేవుణ్ణి నిలదీస్తాడు. 22వ కీర్తన “నీవు నన్నేల విడనాడితివి?” అనే ప్రశ్నతోనే మొదలవుతుంది. ఇవి ఎవరో గదిలో తలుపు వేసుకొని రహస్యంగా అనుకున్న మాటలు కావు. ప్రధానగాయకునికి అప్పగించినవని వాటి శీర్షికలే చెబుతున్నాయి, అంటే ఆరాధనలో అందరి మధ్య పాడవలసిన పాటలుగా దేవుని ప్రజలు వాటిని చేర్చుకున్నారన్నమాట.

సణుగుడు వేరు, మొర వేరు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఎక్కడ సణిగారో 106వ కీర్తన చెబుతుంది: తమ గుడారాలలో. వారు దేవుణ్ణి గురించి ఒకరితో ఒకరు చెప్పుకున్నారే గాని ఆయనతో చెప్పలేదు. పైగా నాయకుణ్ణి నియమించుకొని ఐగుప్తుకు తిరిగి వెళ్లిపోదామని ఆలోచించారు. కీర్తనకారుడు అంతకంటె చేదైన మాటలే పలికినా, వాటిని తీసుకొని దేవుని ఎదుటికే వెళ్లాడు. మీరు “ఎందుకు ప్రభువా” అని ఆయననే అడుగుతున్నంత కాలం మీది అవిశ్వాసమని ఎవరూ అనడానికి వీలులేదు.

91వ కీర్తన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ గాయంలో ఎక్కువ భాగం అక్కడే ఉన్నట్టు మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆ కీర్తనను మనం తరచుగా రక్షరేకులాగా వాడుతున్నాము. మన ఇళ్లలోని క్యాలెండర్ల మీద 23, 91, 121 కీర్తనల మాటలు కనిపిస్తాయి గాని, చీకటితోనే ముగిసే 88వ కీర్తనను అచ్చువేసిన క్యాలెండరును నేను ఇంతవరకు చూడలేదు. 91వ కీర్తనను సందర్భం నుండి విడదీసి, దీనిని నమ్మితే దెబ్బ తగలదని మొదట చెప్పినవాడు సాతాను. దేవాలయ శిఖరం మీద యేసును శోధించినప్పుడు వాడు ఎత్తిచూపినవి అందులోని వచనాలే. యేసు ఆ కీర్తనను కాదనలేదు, అలా వాడుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. “శ్రమలో నేనతనికి తోడై యుండెదను” అనే మాట కూడా ఆ కీర్తనలోనిదే గదా. శ్రమే రానివారికి ఆ మాటతో పనేముంది? కాబట్టి మీరు విశ్వాసంతో చదవలేదనో, మీ ప్రార్థనలో లోపముండి మీ భర్త దక్కలేదనో ఎవరైనా అంటే ఆ భారాన్ని నెత్తిన పెట్టుకోకండి.

91కి ముందు 90 ఉంది. అది మోషే ప్రార్థన. మన ఆయుష్కాలం డెబ్బది ఏండ్లు, బలముంటే ఎనుబది, అయినా అది గడ్డివలె వాడిపోతుందని ఒప్పుకొనే ప్రార్థన అది. ఆశ్రయాన్ని గూర్చిన కీర్తనను మరణాన్ని గూర్చిన ఈ కీర్తన ప్రక్కనే ఉంచి చదివితే, 91ని ఏ నిబ్బరంతో పలకాలో తెలుస్తుంది. దేవుని కృపను ఎలా నమ్మాలన్న మీ ప్రశ్నకు జవాబు కూడా మోషే మాటలలోనే ఉంది. ఉదయమున నీ కృపచేత మమ్మును తృప్తిపరచుమని అడిగిన వెంటనే, నీవు మమ్మును శ్రమపరచిన దినాల కొలది మమ్మును సంతోషపరచుమని అతడు వేడుకొంటాడు. శ్రమ దేవుని చేయి దాటి వచ్చిందని మోషే అనుకోలేదు. అలాగని ఆ చేతిలో కృప లేదనీ అనుకోలేదు. రెండింటినీ ఒకే ఊపిరితో పలికాడు.

“అంతా దేవుని చిత్తం” అనే మాటను మనం సంభాషణ ముగించడానికి వాడతాము. కీర్తనకారులకు అదే ప్రార్థన మొదలయ్యే చోటు. అగాధపు గుంటలో నన్ను ఉంచినవాడవు నీవేనని 88వ కీర్తన దేవునితో సూటిగా అంటుంది. తనను అక్కడ ఉంచింది గ్రుడ్డి విధి అని ఆ భక్తుడు నమ్మి ఉంటే, రేయింబగళ్లు ఎవరికి మొరపెట్టేవాడు? దేవునికి బలముండి కృప లేకపోతే భయపడాలి, కృప ఉండి బలం లేకపోతే జాలిపడాలి. 62వ కీర్తన చివరి రెండు వచనాలు, బలము ఆయనదేనని, కృప చూపడమూ ఆయనదేనని కలిపి చెబుతాయి. దానివలన మీ భర్త మరణానికి కారణం తెలిసిపోదు. కీర్తనలు చాలాసార్లు కారణం చెప్పవు. ఎవరి దగ్గర నిలబడి అడగాలో మాత్రం చెబుతాయి.

44వ కీర్తన ఇంకా ముందుకు వెళుతుంది. మేము నిన్ను మరచిపోలేదు, నీ నిబంధన మీరలేదు, అయినా ఇదంతా మా మీదికి వచ్చిందని చెప్పి, నీ కృపను బట్టి మమ్మును విమోచింపుమని ముగిస్తుంది. కష్టం వచ్చిందంటే ఏదో పాపం ఉండి ఉంటుందని ఇంటికి వచ్చి గుసగుసలాడేవారికి ఆ కీర్తన వినిపించాలి. వధకు సిద్ధమైన గొఱ్ఱెలమని అందులో ఉన్న మాటనే పౌలు రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఎత్తి వ్రాసి, ఆ వెంటనే మరణమైనను జీవమైనను దేవుని ప్రేమనుండి మనలను ఎడబాపలేవని తేల్చి చెప్పాడు. దేవుని ప్రేమ మనకు శ్రమ రానివ్వదని ఆయన వ్రాయలేదు. శ్రమ ఆ ప్రేమనుండి మనలను విడదీయలేదని వ్రాశాడు. ప్రభువు కూడా సిలువ మీద 22వ కీర్తనలోని ప్రశ్ననూ, 31వ కీర్తనలో తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించే మాటనూ పలికే ప్రాణం విడిచాడు. మీరు అడుగుతున్న ప్రశ్న ఆయన నోటినుండి వచ్చినదే.

ఇక ఎలా మొదలుపెట్టాలన్నది. ఏ కీర్తన చదవాలో మీరే ఎంచుకోవద్దని నా సలహా. దుఃఖంలో ఉన్నప్పుడు మనం తెలిసిన నాలుగు కీర్తనల చుట్టూనే తిరుగుతాము, లేదా ఏదీ తెరవము. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం, అంటే ఇంగ్లండు సంఘపు ఆరాధన క్రమ పుస్తకం, మొత్తం కీర్తనలను 30 రోజులకు, ఉదయ సాయంకాలాలకు పంచిపెట్టింది. నెలలో ఈ రోజు తేదీ ఎంతో చూసుకొని అక్కడినుండే మొదలుపెట్టవచ్చు. 13వ తేదీ ఉదయాన వచ్చే 68వ కీర్తన, దేవుడు విధవరాండ్ర పక్షాన న్యాయం తీర్చువాడని చెబుతుంది. 17వ తేదీ ఉదయం 88తో, అంటే చీకటితో ముగుస్తుంది. సాయంకాలపు 89 యెహోవా కృపాతిశయాన్ని నిత్యమూ పాడతానని ఎత్తుకొని, సగం దాటాక, తొల్లిటి ఆ కృప ఎక్కడని అడుగుతుంది. 18వ తేదీ ఉదయం 90, 91 కలిసే వస్తాయి.

పెదవులు కదిలేలా, మీ చెవికి వినబడేలా చదవండి. నోరు పెగలని రోజున ఒక్క వచనం చాలు. శత్రువులను శపించే కీర్తనలు వచ్చినప్పుడు వాటిని మీ బంధువులకు అన్వయించుకోకుండా, తీర్పును దేవునికే వదిలి ముందుకు సాగండి. మీ మనస్సుకు సరిపడని సంతోష కీర్తన వస్తే, ఆ పూట సంతోషంగా ఉన్న మరొకరి తరఫున దానిని చదవండి. మీరు సంతోషంగా ఉన్న రోజున మొర కీర్తన వస్తే, ఆసుపత్రిలో డయాలసిస్ మంచం ప్రక్కన కూర్చున్న మరో భార్య కోసం అది మీ విజ్ఞాపన అవుతుంది. ఆదివారం పాట పాడలేకపోతే మౌనంగా నిలబడండి, మీ వంతు సంఘం పాడుతుంది.

17వ తేదీన మాత్రం ఒంటరిగా చదవవద్దు. ఆ పెద్దలలో మీకు చనువున్న ఒకరిని గాని, ఒక సహోదరిని గాని ఇంటికి పిలిచి, 88వ కీర్తనను మొదటి నుండి చివరి వరకు గట్టిగా చదివి వినిపించమనండి. చివరి వచనం దగ్గర ఆగిన తరువాత ఓదార్పు మాట ఏదీ జోడించవద్దని ముందుగానే అడగండి. 89 సాయంకాలానికి ఉంది.