సమూయేలు అంటే నిజంగా "దేవుడు విన్నాడు" అనేనా?

బాబుకి సమూయేలు అని పెడదామనుకుంటున్నామని, మీ పాస్టర్‌గారేమో "దేవుడు విన్నాడు" అని అర్థం చెప్పారని, నెట్‌లో చూస్తే "దేవుని పేరు" అని ఉందని, ఏది కరెక్టో చెప్పమని అడిగారు. నా పేరూ అదే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

మా అమ్మానాన్నలకి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టాను. బైబిల్లో పిల్లలు లేక ప్రార్థించిన సమూయేలు ప్రవక్త తల్లి హన్నా చేసినట్టే అమ్మ కూడా మొక్కుకుంది, అందుకే ఆ పేరు పెట్టింది. ప్రతి పుట్టినరోజు ప్రార్థనలోనూ "దేవుడు విన్నాడు" అనే మాట వింటూ పెరిగాను. చివర్లో ఉన్న "ఏలు" అంటే ఏలేవాడు కాబోలు అని కూడా అనుకునేవాణ్ణి, దానియేలు, గబ్రియేలు, ఇశ్రాయేలు అన్నిట్లో అదే వస్తుంది కదా! తీరా చూస్తే హీబ్రూలో ఏల్ అంటే దేవుడు, చివరి ఉకారం మన తెలుగు తగిలించుకున్నది.

తర్వాత కేర్‌గివర్ పని మీద ఇజ్రాయెల్ వెళ్ళాను. రమత్ గన్‌లో ఒక పెద్దాయన దగ్గర నాలుగేళ్ళు ఉన్నాను, సబా అని పిలిచేవాణ్ణి, అంటే తాత. ఆయన పుట్టింది బాగ్దాద్‌లో. 1950-51లో ఇరాక్ నుంచి సుమారు లక్షా ఇరవై వేలమంది యూదులు విమానాల్లో వచ్చేశారు, ఆ గుంపులో ఈయన కుటుంబం కూడా ఉంది. నన్ను ష్మూయెల్ అనేవాడు, మంచి మూడ్‌లో ఉంటే ష్మూలిక్. ఒకరోజు నా పేరుకి అర్థం "దేవుడు విన్నాడు" అని గొప్పగా చెప్తే, తల అడ్డంగా ఊపి, మందుల చీటీ వెనక నా పేరు ఐదు అక్షరాల్లో రాశాడు: షిన్, మేమ్, వావ్, ఆలెఫ్, లామెద్. పక్కన "విను" అనే మాట రాశాడు: షిన్, మేమ్, అయిన్. ఆ అయిన్‌ని గొంతు లోపల్నుంచి పలికి చూపించాడు. ఇప్పటి ఇజ్రాయెలీల్లో చాలామంది పలకరు గానీ ఇరాక్, యెమెన్ నుంచి వచ్చిన పాతతరం వాళ్ళు పలుకుతారు. మన లిపిలో దానికి అక్షరమే లేదు, అందుకే మనకి తేడా కనపడదు.

విషయమంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది. ఇష్మాయేలు పేరులో అయిన్ ఉంది, "దేవుడు వింటాడు" అనేది అచ్చంగా ఆ పేరు అర్థం, దేవదూత అతని తల్లి హాగరుకి చెప్పిన కారణం కూడా అదే. లేయా కొడుకు షిమ్యోను పేరులోనూ ఉంది. సమూయేలులో లేదు. ఉన్నది "షేమ్", అంటే పేరు, నోవహు కొడుకు షేము పేరు కూడా ఆ మాటే. మధ్యలో "ఊ" పాత విభక్తి ప్రత్యయం అనుకుంటే "ఏల్ పేరు" అవుతుంది, "అతని" అనుకుంటే "అతని పేరు ఏల్" అవుతుంది. యాకోబు రాత్రంతా పెనుగులాడిన చోటు పేరు పెనూయేలు కూడా ఇదే అచ్చు, అక్కడ "ఏల్ ముఖం". పైగా క్రీ.పూ. 19వ శతాబ్దంలోనే, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న లార్సా నగరాన్ని సుము-ఎల్ అనే రాజు ఏలాడు. అంటే ఇలాంటి పేరు బైబిల్ సమూయేలు కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందే ఉంది. అక్కడి అక్కడియన్ భాషలో "షుము" అంటే పేరే కాదు, సంతానం కూడా. మనం "వంశం పేరు నిలబెట్టేవాడు" అంటాం చూడండి, అలాగ.

ఇంకో చిక్కు ఉంది. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో హన్నా చెప్పే కారణం "విన్నాడు" కాదు, "అడిగాను" అని. హీబ్రూలో "అడుగు" అంటే షాఅల్. ఆ అధ్యాయంలో ఈ ధాతువు మళ్ళీ మళ్ళీ వస్తుంది, 28వ వచనంలో అయితే అచ్చంగా "షాఊల్" అనే రూపంలోనే ఉంది, అంటే ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు పేరు! అందుకే అసలు ఇది సౌలు పుట్టిన కథ అని వాదించే పండితులున్నారు. నాకైతే అంత దూరం పోవాలనిపించదు. ఆ పుస్తకంలో ముందు ముందు సమూయేలుకీ సౌలుకీ మధ్య నలిగే కథ వస్తుంది కదా, రాసినవాళ్ళు కావాలనే ముందుగా ఆ మాట వినిపించి ఉంటారు. ఆనాటి కథల్లో పేరుకి చెప్పే కారణం వ్యాకరణం కాదు, చెవికి తగిలే పోలిక. షాఊల్ మే-ఏల్, అంటే "దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నవాడు", అది కుదించుకుపోయి ష్మూయెల్ అయిందని చెప్పిన మధ్యయుగపు యూదు వ్యాఖ్యాతలూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది గానీ నాకు నమ్మకం కుదరలేదు.

ఇదంతా ఫోన్లో అమ్మకి చెప్తే, "నేను అడిగానా లేదా? నువ్వు పుట్టావా లేదా?" అని పెట్టేసింది.

కాబట్టి పాస్టర్‌గారితో గొడవ పడకండి, పేరు హాయిగా పెట్టుకోండి. ఎవరైనా అడిగితే "దేవుని పేరు" అని చెప్పండి. ఒకవేళ బాబుకి లాకెట్ మీద హీబ్రూలో చెక్కిస్తే మాత్రం పైన రాసిన ఐదు అక్షరాలే ఉన్నాయా అని కుడి నుంచి ఎడమకి చూసుకోండి. నా కోసం చేయించినదాన్ని ఎడమ నుంచి కుడికి తిరగేసి చెక్కారు, ఇప్పటికీ డ్రాయర్లోనే ఉంది.