పొలం అమ్మే ముందు డాక్టరును అడగాల్సిన మాట

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. బాపుకు 57 ఏండ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్. కీమో ఇక పనిచేయదని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పిన్రు. రెండెకరాలు అమ్మి హైదరాబాద్‌ల పెద్ద ఆసుపత్రిల చేర్పిద్దామని తమ్ముడు అంటున్నడు. బాపేమో పొలం ఇప్పుడే మా ఇద్దరి పేర రాసిస్తనంటున్నడు. నా జీతం 28 వేలు, నా పేర 4 లక్షల డిపాజిట్ ఉంది. బాపు ఖాతాల వడ్ల పైసలున్నయి. ఏం చేయాలె?

జవాబు: పొలం ఇప్పుడే అమ్మకండి, పేర్లు కూడా మార్చకండి. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు రైతుబీమా కింద 5 లక్షలు వస్తాయి, జబ్బుతో పోయినా సరే. పాలసీ ఏటా ఆగస్టు 14న కొత్తదవుతుంది. అప్పటికి పాస్‌బుక్ ఆయన పేర లేకపోతే మీ అమ్మకు ఆ ఆసరా ఉండదు. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, అయినా రాయక తప్పదు. నామినీగా అమ్మ పేరు, ఆధార్ సరిగ్గా ఉన్నాయో లేదో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఈ వారమే చూసుకోండి. పంపకం గురించి నాన్నగారు దిగులు పడుతుంటే వీలునామా రాయించండి. తెల్లకాగితం, వాటా లేని ఇద్దరు సాక్షులు చాలు. ఆయన తెలివితో ఉన్నారని డాక్టరు చీటీ జతచేస్తే రేపు గొడవ రాదు.

ఇక ఆసుపత్రి. తమ్ముడిని వెంటబెట్టుకుని డాక్టరును ఇట్లా అడగండి: "ఈ వైద్యంతో ఎన్నాళ్లు పెరుగుతాయి, ఆ రోజులు ఆయనకు ఎట్లా గడుస్తాయి?" జవాబు విన్నాక పొలం మాట ఇద్దరూ మాట్లాడుకోండి. ఇంటికి తెచ్చుకోవడమంటే వదిలేయడం కాదు. పాలియేటివ్ కేర్ నొప్పికి, ఆయాసానికి చేసే వైద్యమే. ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాల నుంచి 'ఆలన' బండిలో నర్సు ఇంటికి వస్తారు. మీకు దగ్గరి కేంద్రం ఏదో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో అడగండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది.

ఇల్లు గుల్లయ్యేది ఎక్కువగా అర్ధరాత్రి పరుగులతోనే. మార్ఫిన్ మాత్రలు ఖరీదైనవి కావు, కానీ మలబద్ధకం తెస్తాయి. విరేచనం సాఫీగా అయ్యే మందు తోడు లేకపోతే మనిషి విసిగి మాత్రలే మానేస్తాడు. నొప్పి తిరగబెడుతుంది, అంబులెన్సు, ఐసీయూ, అడ్వాన్సు. అందుకే రెండు మందులూ కలిపి రాయించుకోండి, రాత్రి నొప్పి పెరిగితే ఎంత మోతాదు ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి. ఆక్సిజన్ మిషన్ కొనకండి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితేనే అది అక్కరకొస్తుంది, అప్పుడు అద్దెకు తెచ్చుకోవచ్చు. పుండ్లు పడకుండా గాలిపరుపు కూడా అద్దెకే.

ఇంటి దగ్గర వాడే డైపర్లు, కట్టుగుడ్డలు ఆరోగ్యశ్రీలో రావు. వాటితో పాటు బండి కిరాయి, దగ్గరుండి చూసుకునేవాళ్లు పోగొట్టుకునే కూలి, జీతం కూడా లెక్కలో రాయండి. చాలా ఇళ్లలో ఆ అంకె రాయరు, చివరికి అదే అప్పుగా తేలుతుంది. డిపాజిట్ విరగ్గొట్టకుండా దాని మీద లక్ష వరకు ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీతో, కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) పెట్టించండి. మామూలుగా డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పన్ను మినహాయింపుల కోసం తిరగకండి, మీ జీతానికి పన్నే పడదు.

నాన్నగారి ఖాతాలో అమ్మను జాయింటుగా చేర్పించండి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. ఆయన సంతకం పెట్టగలుగుతుండగానే ఈ పని కావాలి. ఆలస్యమై మంచం పడితే మేనేజరుకు చెప్పండి. ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్రతో డబ్బు తీసే వీలుంది, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి.