చెరువు చుట్టూ కట్టడాలు వద్దని పంచాయతీ తీర్మానిస్తే చెల్లుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గరి గ్రామం. నేను వార్డు సభ్యురాలిని. మా సాగునీటి చెరువు 32 ఎకరాలు. గట్టు లేని వైపు పట్టా పొలాలు కొని, మెరక తోలి, ప్లాట్లు వేస్తున్నారు. చెరువు చుట్టూ వంద మీటర్ల దాకా ఎవరూ ఏమీ కట్టకూడదని పంచాయతీ తీర్మానం చేస్తే చెల్లుతుందా?

జవాబు: తీర్మానం తప్పక చేయండి. అయితే పట్టాదారును ఆపడానికి అదొక్కటే చాలదు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తి హక్కునూ హరించరాదని రాజ్యాంగం 300-ఏ అధికరణ చెబుతోంది. ‘ఈ వంద మీటర్లు ఏ చట్టం కింద?’ అని కోర్టు అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. బెంగళూరు చెరువుల చుట్టూ 75 మీటర్లు వదలాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో ఆదేశించింది. అక్కడి మాస్టర్ ప్లాన్‌లో ఉన్నది 30 మీటర్లే. చట్టబద్ధమైన ప్లాన్‌ను ట్రిబ్యునల్ తిరగరాయజాలదని 2019లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ట్రిబ్యునల్‌కే లేని అధికారం పంచాయతీ తీర్మానానికి రాదు.

మీరు కోరే రక్షణలో కొంత ఇప్పటికే ఉంది. మీ గ్రామం సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వంటి సంస్థ పరిధిలో ఉంటే, 2017 రాష్ట్ర భవన నియమాల ప్రకారం చెరువు పూర్తి నీటిమట్టం లోపల ఏ కట్టడమూ కుదరదు. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకుమించి ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. మీ చెరువుకు 30 వర్తిస్తుంది. అర్జీ రాసేముందు ఆ తర్వాతి సవరణలు కూడా చూసుకోండి.

అసలు పోరాటం ఎన్ని మీటర్లన్న దాని మీద కాదు, ఆ కొలత ఎక్కడ మొదలవ్వాలన్న దాని మీద. అవతలివారు చెరువు పోరంబోకు సర్వే రాయి దగ్గర టేపు పెడతారు. నియమం చెప్పేది ఆ రాయిని కాదు. అలుగు మీదుగా నీరు పొర్లడం మొదలయ్యే మట్టం ఎగువ వైపు ఎంతదూరం పరుచుకుంటుందో అక్కడి నుంచి కొలవాలి. గట్టు లేని వైపు ఆ గీత చాలాచోట్ల పట్టా పొలాల్లోకి వెళుతుంది. పట్టా ఉన్నంత మాత్రాన ఆ గీత లోపల ఇల్లు కట్టే హక్కు రాదు. మెరక తోలడం ఆ గీతను చెరిపేయడానికే. అలుగు పగలగొట్టి మట్టం తగ్గించేవారూ ఉంటారు, దాని మీద కూడా కన్ను వేయండి. కాబట్టి తీర్మానంలో మొదటి వాక్యం ఇదే కావాలి: జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ కలిసి సర్వే చేసి, పూర్తి నీటిమట్టం గీతను గుర్తించి రాళ్లు పాతాలి.

2017 కేంద్ర చిత్తడి నేలల నియమాలు మనకు సాయపడతాయని చాలామంది అనుకుంటారు. వాటిలో 50 మీటర్ల నిషేధం ఉన్నమాట నిజమే. కానీ సాగునీటి కోసం కట్టిన చెరువులను ‘చిత్తడి నేల’ నిర్వచనం నుంచి తప్పించారు. మీకు దారి చూపేది రాష్ట్ర వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం, 2002. చెరువులను, వాటిలోకి నీరు తెచ్చే వాగులను పరిరక్షణ ప్రాంతాలుగా నోటిఫై చేసి, హద్దులు శాశ్వతంగా గుర్తించి, ఆక్రమణలు తొలగించే అధికారం ఆ చట్టంలో ఉంది. గ్రామసభ చేత అది కోరించండి. ముప్పై మీటర్లకు మించి కావాలంటే ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే ఆ ప్రాంత జోనింగ్ ప్లాన్‌లో చేర్చమని రాయండి. అదే గట్టిగా నిలబడే మార్గం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత కూడా నీటి దారిలో ప్లాట్లు వేయనిస్తే క్షమించరాని తప్పు.

చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు, మురుగు చెరువులోకి చేరకుండా పంచాయతీ తన ఉపవిధుల్లో పెట్టుకోవచ్చు, పైఅధికారి ఆమోదంతో. పోరంబోకు సర్వే నంబర్లు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉన్నాయో లేవో కూడా చూడండి.

తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకోండి. స్పందన లేకపోతే హైకోర్టులో 226 అధికరణ కింద రిట్ వేయవచ్చు. చెరువులు సమాజానికి చెందిన సంపద అని హించ్‌లాల్ తివారీ కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీకు అండగా ఉంటుంది. మురుగు, వ్యర్థాల విషయమైతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, కానీ కారణం తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోపు. మెరక లారీల ఫొటోలు తేదీతో సహా ఇప్పుడే తీసి పెట్టుకోండి.